వెబ్ సర్వరునందలి ఉమ్మడి చలరాశులు

పరీక్షాఫలితములు వెలువడు దినమున ఇంటింటను జరుగు పని అందఱెఱిగినదే. బాలుడో బాలికయో సెల్‌ఫోనునందు తన సంఖ్యను నొక్కి, కన్నార్పక తెరవైపు చూచుచుండును. తలిదండ్రులు వెనుక నిలిచియుందురు. కొన్ని క్షణములలో మార్కులు కనబడును. ఆ మార్కులను పంపినది వెబ్ సర్వరు. ఆ క్షణమందే అది వేలకొలది ఇండ్లనుండి అట్టి ప్రశ్నలనే స్వీకరించి, అందఱికిని వేర్వేఱుగా ఉత్తరమిచ్చుచుండును. ఇందఱికి ఉత్తరమిచ్చు పనివారందఱును ఒకే నియమమును ఎట్లు పాటింతురు? నడుమ ఆ నియమము మాఱినయెడల, ఒకడు సగము పాతదానిని సగము క్రొత్తదానిని పట్టుకొని పనిచేయకుండ కాపాడు ఉపాయమేమి? చిన్నదిగా కనబడు ఈ ప్రశ్నయందు ఒక్కొక్కప్పుడు ఒక బిడ్డయొక్క జయాపజయములు ఇమిడియుండును. దీనినే మేము ఈ వ్యాసమున విద్యార్థులకును వారి పెద్దలకును బోధపడునట్లు వివరింప నెంచితిమి.

సర్వరును దాని పనివారును

వెబ్ సర్వరనగా అడిగినవారికి అడిగిన పుటను అందించు ప్రోగ్రాము. అది నడచు యంత్రమునకును ఆ పేరే వాడుకలో నున్నది. ప్రపంచమున మొదటి వెబ్ సర్వరును 1990 సంవత్సరమున, జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను పరిశోధనాలయమందు టిమ్ బర్నర్స్-లీ గారు నెలకొల్పిరి. నాడు అడుగువారు కొద్దిమందియే గాన ఒకరి తరువాత నొకరికి ఉత్తరమిచ్చినను సరిపోయెడిది. అడుగువారు లక్షలైనపుడు అట్లు చాలదు. పలువురు పనివారు ఒక్కుమ్మడి పనిచేయవలయును.

ఈ పనివారు రెండు విధములు. నడచుచున్న ప్రోగ్రామునకు ప్రాసెసు అని పేరు. దానికి తనదైన మెమొరీ యుండును. ఇతర ప్రాసెసులు దానిలోనికి తొంగిచూడజాలవు. ఒకే ప్రాసెసులో పెక్కు పనులు ఏకకాలమున సాగునట్లు చేసినయెడల ఆ ఒక్కొక్క పనివరుసకు థ్రెడ్డు, అనగా దారము, అని పేరు. ప్రాసెసును ఒక పాఠశాలగా భావింతము. థ్రెడ్డులు అందలి ఉపాధ్యాయులు. మెమొరీ ఆ పాఠశాల వరండాలో వ్రేలాడు ప్రకటన పలక. ఆ పలకను ఆ పాఠశాల ఉపాధ్యాయులందఱును చూడగలరు. ప్రక్క యూరి పాఠశాలవారు చూడలేరు. 1995 సంవత్సరమున వెలువడిన అపాచీ అను సర్వరు తొలిరూపమున ఒక్కొక్క ప్రాసెసు ఒక సమయమున ఒక్క ప్రశ్నకే ఉత్తరమిచ్చెడిది. 2002 లో వెలువడిన దాని రెండవ రూపమున ప్రతి ప్రాసెసులోను పెక్కు థ్రెడ్డులను నడుపు వీలు కలిగెను.

అమరిక విలువలు

ప్రతి పాఠశాలకును కొన్ని నియమములుండును. గంట యెప్పుడు మ్రోగవలెను, ఏ తరగతికి ఏ గది, జీతము కట్టుటకు కడపటి దినమేది మున్నగునవి. ఇవి ఏ యొక్క ఉపాధ్యాయుని సొంత విషయములును గావు; అందఱికిని ఉమ్మడి. సర్వరునకును ఇట్టివి గలవు. ఏ సంవత్సరపు మార్కుల ఫైలును తెఱవవలెను, మొత్తము మార్కులెన్ని, ఏ డేటాబేసును అడుగవలెను, ఉత్తరమునకై ఎంతసేపు వేచియుండవలెను మున్నగు విలువలను ప్రోగ్రాములో పాతివేయక వేఱుగా ఉంచుదురు. వీనికి కాన్ఫిగరేషను అని పేరు. తెలుగున అమరిక యనవచ్చును. బీజగణితమునందు అక్షరముచే సూచింపబడు చలరాశివలెనే వీనికిని పేర్లుండును. పేరు నిలిచియుండును, విలువ మాఱును.

ఈ చలరాశులు స్థిరముగ నుండవలెను, అనగా విద్యుత్తు పోయి యంత్రము ఆగి మఱల నడచినను నశింపకుండవలెను. మెమొరీ యట్టిది కాదు; విద్యుత్తు పోగానే అందున్నది తుడుచుకొనిపోవును. కావున వీనిని డిస్కునందు ఒక ఫైలులోగాని డేటాబేసులోగాని భద్రపఱతురు. అది ప్రధానోపాధ్యాయుని గదిలోని ఉత్తరువుల పుస్తకము వంటిది.

అట్లయిన ప్రతి థ్రెడ్డును ప్రతి ప్రశ్నకును ఆ ఫైలునే తెఱచి చూచుకొనరాదా? చూడవచ్చును గాని ఆలస్యమగును. మెమొరీనుండి ఒక విలువను తెచ్చుకొనుటకు సుమారు సెకనులో కోటియవ వంతు చాలును. తిరుగుడు డిస్కునందు ఒకచోటు వెదకి చదువుటకు సుమారు సెకనులో నూఱవ వంతు పట్టును. అనగా లక్షరెట్లు ఎక్కువ. ఇప్పటి క్రొత్త డిస్కులు ఇంతకంటె మిక్కిలి వేగవంతములైనను మెమొరీకి సాటిరావు. అందువలన సర్వరు లేచునప్పుడే ఫైలును ఒకమాఱు చదివి, విలువలను మెమొరీయందుంచి, థ్రెడ్డులన్నిటికి చూపుట ఆచారమాయెను. ప్రతి ఉపాధ్యాయుడును గంటగంటకు ప్రధానోపాధ్యాయుని గదికి పరుగెత్తక, వరండాలోని పలకను చూచుకొనుట వంటిదే యిది.

చిక్కు ఎక్కడ కలుగును?

విలువలు మాఱనంతకాలము ఏ చిక్కును లేదు. ఎందఱు చదివినను వ్రాత అరిగిపోదు గదా! మార్పు వచ్చినపుడే ఆపద.

ఒక యుదాహరణము కల్పించుకొందము. క్రిందటి పరీక్షకు మొత్తము మార్కులు 600. ఈ పరీక్షకు 500. ఉత్తీర్ణతకు నూటికి 35 రావలెను. సర్వరు నడచుచుండగనే కార్యనిర్వాహకుడు రెండు విలువలను మార్పవలసియున్నది: మార్కుల ఫైలు పేరు ఒకటి, మొత్తము మార్కులు రెండవది. అతడు మొదటిదానిని మార్చెను, రెండవదానిని మార్పబోవుచున్నాడు. ఆ లిప్తమాత్రపు సందున ఒక థ్రెడ్డు ఒక బాలికకు ఉత్తరము సిద్ధము చేసెను. దానికి క్రొత్త ఫైలునుండి 190 మార్కులు దొరకెను; మొత్తము మాత్రము పాతదగు 600 గనే కనబడెను. భాగించిన నూటికి 32 కూడ రాలేదు. తప్పినదని పంపెను. నిజమునకు 500 కు 190 అనగా నూటికి 38. ఆ బాలిక ఉత్తీర్ణురాలు. ఫైలు పేరు సరియైనదే. 600 అను సంఖ్యయు నిన్నటివఱకు సరియైనదే. రెండును కలిసి ఒక అబద్ధమాయెను. మఱుక్షణమున మఱల చూచిన సరిగా కనబడును గాని, ఆ క్షణములోనే ఫోను మూసివేసి మూలకూర్చున్న బిడ్డ మాటయేమి?

ఇట్టి చిక్కు ఊహలోనిది మాత్రమే కాదు. ఇది వెబ్ సర్వరులకు పూర్వమే, ఇంతకంటె ఘోరముగా, వైద్యశాలలలో జరిగినది. పుట్టకురుపునకు కిరణచికిత్స చేయు థెరాక్-25 అను యంత్రమువలన 1985 జూన్ మొదలు 1987 జనవరి వఱకు అమెరికా, కెనడా దేశములలో ఆఱుగురు రోగులకు మితిమీఱిన కిరణములు తగిలెను. వారిలో కొందఱు మరణించిరి. 1986 లో టెక్సస్ రాష్ట్రమున జరిగిన రెండు ప్రమాదములకు కారణము మన విషయమునకు చెందినదే. ఆ యంత్రపు ప్రోగ్రాములో పెక్కు పనులు ఏకకాలమున నడచుచు కొన్ని చలరాశులను ఉమ్మడిగా వాడుకొనుచుండెను. యంత్రమును నడుపునామె ఎక్స్-రే అని పొరపాటున నొక్కి, వెంటనే ఎలక్ట్రానులని దిద్దెను. అయస్కాంతములు కుదురుకొనుటకు పట్టు సుమారు 8 సెకనులలోపలనే దిద్దుబాటు జరిగినందున, ఒక పని పాత విలువను, మఱియొక పని క్రొత్త విలువను గ్రహించెను. కిరణబలము ఒక విధమునకును, రోగికిని కిరణమునకును నడుమ నిలుచు పరికరము వేఱొక విధమునకును అమరెను. అంతకు ముందటి నమూనాలో ఇట్టి పొరపాటును అడ్డగించు ఇనుప ఏర్పాటులుండెను. ఇందులో వానిని తీసివేసి ప్రోగ్రామునే నమ్మియుండిరి. ఉమ్మడి విలువలు సగము పాతవిగ, సగము క్రొత్తవిగ కనబడుటవలన మానవప్రాణమునకే ముప్పు వాటిల్లునని దీనివలన తెలియుచున్నది.

మఱియొక చిక్కు గలదు. ఇద్దఱు కార్యనిర్వాహకులు ఒకేసారి అమరికను దిద్దబూనిరనుకొనుడు. ఇరువురును పాత ప్రతిని తీసికొనిరి. ఒకడు గంట వేళను మార్చెను. రెండవవాడు గది సంఖ్యను మార్చెను. మొదటివాడు తన ప్రతిని అంటించిపోయెను. రెండవవాడు వచ్చి దానిపై తన ప్రతిని అంటించెను. గంట వేళ మార్పు మాయమాయెను. ఎవ్వరును తప్పుచేసినట్లు కనబడదు, పని మాత్రము చెడినది.

తాళపు ఉపాయము

దీనికి మొదటి మందు తాళము. ఒక సమయమున ఒక్కడే ప్రవేశింపదగిన స్థలమునకు ఒక తాళపుచెవి నుంచి, అది చేతనున్నవాడు మాత్రమే లోనికి పోవలెనను నియమము. పెక్కు పనులు సాగుచుండగా ఒక్కటియే ఒక సున్నితమైన భాగమున ప్రవేశించునట్లు చేయు పద్ధతిని 1965 సంవత్సరమున డచ్చి పండితుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా గారు ప్రకటించిరి. అయితే అమరిక విలువలను మార్చువాడు ఎప్పుడో ఒకడు. చదువువారు క్షణక్షణమును వేలమంది. చదువువారిని గూడ ఒక్కొక్కరినే పంపినయెడల తలుపువద్ద తిరునాళ్లవలె నగును. కావున 1971 లో కూర్ట్వా, హేమన్స్, పార్నాస్ అను మువ్వురు ఈ సమస్యను విడదీసి చూపిరి. చదువువారు ఎందఱైనను కలిసి చదువవచ్చును. వ్రాయువాడు వ్రాయుచున్నంతసేపు మాత్రము ఎవ్వరును చదువరాదు, మఱియొకడు వ్రాయరాదు. ప్రకటన పలకకు ఈ నియమము చక్కగా సరిపోవును.

తాళమునకు దోషములును గలవు. తాళపుచెవి తీసికొన్నవాడు తిరిగి ఇయ్యక ఆగిపోయిన అందఱును ఆగిపోవుదురు. పనివారు ఎక్కువైనకొలది తాళమువద్ద రాకపోకలకే కాలము వ్యయమగును.

క్రొత్త పత్రము వ్రేలాడదీయు ఉపాయము

ఇంతకంటె సులభమైనది మఱియొకటి గలదు. మంచి గుమాస్తా కాలనిర్ణయపట్టికను మార్చునపుడు పలకపై ఒక్కొక్క పంక్తిని చెఱిపి తిరిగి వ్రాయుచు కూర్చుండడు. తన బల్లవద్ద క్రొత్త కాగితముపై పట్టికనంతటిని వ్రాసి, తప్పులు చూచుకొని, ఒక్క క్షణమున పాతదాని స్థానమున దానిని వ్రేలాడదీయును. చూచువారికి పాత పట్టికయైనను సంపూర్ణముగా కనబడును, క్రొత్తదియైనను సంపూర్ణముగా కనబడును, కలగాపులగము కనబడదు.

ప్రోగ్రాములలో చేయునదియు నిదే. అమరిక విలువలన్నిటిని ఒక్క కట్టగా కట్టి, కట్టిన పిదప అందొక్క అక్షరమును మార్పరాదని నిశ్చయింతురు. మార్పు కావలసినపుడు క్రొత్త కట్టను వేఱుగా తయారుచేసి, ప్రస్తుతపు అమరిక ఎక్కడనున్నదో చూపు ఒక్క గుర్తును మాత్రము క్రొత్తదానివైపు త్రిప్పుదురు. ఆ త్రిప్పుట యంత్రమునకు విభజింపరాని ఒక్క పని. ప్రతి థ్రెడ్డును ఒక ప్రశ్నను చేతబట్టగానే ఆ గుర్తును ఒక్కమాఱే చూచి, ఉత్తరము ముగియువఱకు ఆ కట్టనే వాడవలెను. నడుమ మఱల చూడరాదు. పాత పట్టికను బట్టి పాఠము మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు ఆ గంట ముగియువఱకు దానినే పాటించును గదా! పాత కట్టను వాడువారు ఎవ్వరును లేనప్పుడు దానిని పాఱవేయుదురు. ఇట్టి పద్ధతినే కొన్ని మెళకువలతో లినక్స్ కర్నెలునందు 2002 నుండి ఆర్.సి.యు. అను పేర వాడుచున్నారు.

మన ఉదాహరణమును ఈ పద్ధతితో చూడుడు. ఫైలు పేరును మొత్తము మార్కులును ఒకే కట్టలో నున్నవి. ఆ బాలికకు క్రిందటి సంవత్సరపు ఫలితము కనబడవచ్చును, లేదా ఈ సంవత్సరపుది కనబడవచ్చును. పాత సంవత్సరపుదైన దానిపై సంవత్సరమే ఆ సంగతి చెప్పును. అబద్ధము మాత్రము కనబడదు. ఇద్దఱు కార్యనిర్వాహకుల చిక్కునకు మాత్రము తాళము ఇంకను కావలెను. అది వ్రాయువారి నడుమనే గాని చదువువారిని ఆపదు.

ఇచ్చట ఒక జాగ్రత్త. కొందఱు ఉపాధ్యాయులు పట్టికను జేబుపుస్తకమున వ్రాసికొని పలకవంక చూచుటయే మానుదురు. కంప్యూటరునందును వేగముకొఱకు ఒక థ్రెడ్డు ఇదివఱకు చదివిన విలువనే చేతనుంచుకొనవచ్చును. లేదా ఆజ్ఞల వరుస మాఱవచ్చును. క్రొత్త విలువ అందఱికిని కనబడి తీరవలెనని ప్రోగ్రాములో స్పష్టముగా చెప్పవలెను. జావా భాషయందు ఇందుకు వొలటైల్ అను మాట గలదు. దాని యర్థము 2004 లో వెలువడిన జావా 5 తో దృఢపడినది.

డిస్కునందలి ప్రతి

మెమొరీలో సరిచేసిన చాలదు. ఉత్తరువుల పుస్తకమునందును సరిగా నుండవలెను. మెమొరీలో మార్చి ఫైలులో వ్రాయనియెడల, రాత్రి విద్యుత్తు పోయి యంత్రము మఱల లేచినపుడు పాత నియమమే తిరిగివచ్చును. ఫైలులో వ్రాయుచుండగా నడుమ విద్యుత్తు పోయినయెడల సగము ఫైలే మిగులును. దీనికిని గుమాస్తా ఉపాయమే గతి. క్రొత్త విలువలను వేఱొక పేరుగల ఫైలులో పూర్తిగా వ్రాసి, అది డిస్కునకు చేరినదని నిశ్చయించుకొని, పిమ్మట ఆ ఫైలునకు పాత ఫైలు పేరు పెట్టుదురు. యూనిక్స్ వంశపు యంత్రములలో ఈ పేరుమార్పు విభజింపరాని ఒక్క పనిగా జరుగును. ఆ పేరుతో తెఱచినవానికి పాతదిగాని క్రొత్తదిగాని సంపూర్ణముగా లభించును. మొదట డిస్కున భద్రపఱచుట, పిదప మెమొరీలో ప్రకటించుట మేలైన వరుస.

పాఠశాలలు అనేకములైనపుడు

ఇంతవఱకు ఒకే పాఠశాలలోని ఉపాధ్యాయుల మాట చెప్పితిమి. పెద్ద సర్వరులలో ప్రాసెసులే అనేకములు, యంత్రములును అనేకములు. ఒకచోట పలకపై పత్రము మార్చినంత మాత్రమున ప్రక్క యూరివారికి తెలియదు. చిన్న సర్వరున సరిగా నడచిన ప్రోగ్రాము పెద్ద సర్వరున తికమక పడుటకు ఇది యొక కారణము. ప్రతి ప్రాసెసుకును వేఱుగా కబురు పంపవలెను.

ఇగోర్ సిసోయెవ్ గారు నిర్మింపగా 2004 లో ప్రకటింపబడిన ఎంజిన్-ఎక్స్ అను సర్వరు దీనిని చక్కగా నెఱవేర్చుచున్నది. అందొక యజమాని ప్రాసెసును, దానిక్రింద కొన్ని పనివారి ప్రాసెసులును ఉండును. అమరిక మాఱినదని కబురంపగానే యజమాని ఆ ఫైలును చదివి తప్పులున్నవేమో పరీక్షించును. తప్పున్న పాత అమరికతోనే పని సాగించును. సరిగా నున్న క్రొత్త పనివారిని నిలిపి, పాతవారితో, చేతిలోని పని ముగించుకొని వెళ్లుడని చెప్పును. అడుగుచున్నవారికి అంతరాయము కలుగదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ముందే పరీక్షించుట మేలుగదా!

ఇట్టి జాగ్రత్త లోపించిన నేమగునో 2012 ఆగస్టు 1 వ తేదీని అమెరికాలోని నైట్ క్యాపిటల్ అను షేర్ల వ్యాపారసంస్థ చూచెను. వారి 8 సర్వరులలో ఏడింటియందు క్రొత్త ప్రోగ్రామును ఎక్కించిరి, ఒకదానియందు ఎక్కింపలేదు. పూర్వమొక పనికి వాడిన గుర్తునే క్రొత్త పనికి మఱల వాడిరి. ఆ గుర్తు ఏడు యంత్రములకు ఒక యర్థమునిచ్చెను. ఎనిమిదవదానికి ఏండ్లక్రితము మానివేసిన వేఱొక యర్థమునిచ్చెను. ఆ యొక్క యంత్రము అదుపులేక షేర్లు కొనుచు నమ్ముచు పోయెను. సుమారు 45 నిమిషములలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టము వాటిల్లెను. బాబెలు గోపురము కట్టినవారికి భాష తాఱుమాఱైనట్లు, ఇచ్చట మాట ఒక్కటియే యైనను అర్థము రెండాయెను.

విద్యార్థులకు

పైన చెప్పినదంతయు ఒక్క సూత్రమున నిముడును. పలువురికి ఉమ్మడియైన దానిని ఒక్కడు, ఒక్కసారిగా, సంపూర్ణముగా మార్పవలెను. దానిని వాడువాడు పని మొదలు తుదివఱకు ఒకే ప్రతిని పట్టుకొనవలెను. కంప్యూటరు విద్య నభ్యసించు మన బాలబాలికలు ప్రోగ్రామునందు ఉమ్మడి చలరాశిని వ్రాసినప్పుడెల్ల ఈ నాలుగు ప్రశ్నలు వేసికొందురుగాక: దీనిని చదువువారెవరు? మార్చువారెవరు? మార్చుచుండగా చదివినవానికి ఏమి కనబడును? యంత్రము ఆగి లేచిన పిదప ఏమి మిగులును? వీనికి ఉత్తరము చెప్పలేనప్పుడు ప్రోగ్రాము నూఱుమాఱులు సరిగా నడచినను నమ్మరాదు. ఇట్టి దోషములు ఒక్కడు పరీక్షించునపుడు దాగియుండి, వేలమంది వచ్చిన దినముననే బయటపడును.

ఆ వేలమందిలో ఏ కుగ్రామముననో తన సంఖ్యను నొక్కి కాచుకొనియున్న బిడ్డ యొకతె యుండును. ఆమెకు థ్రెడ్డులును తాళములును తెలియవు. తెరపై కనబడినదే సత్యమని నమ్మును. ఆ నమ్మకమును కాపాడుటయే ఈ విద్యయొక్క ప్రయోజనము.